సీటక్క చింపని కాగితం

మీరు సీటక్కని కలిసి తీరాల్సిందే. ఎప్పుడో వీలున్నప్పుడు కాదు, ఈ వారమే. కారు ఉన్నవాళ్ళయితే మరీను. లేనివాళ్ళయినా ఫరవాలేదు, ఆవిడ మాటలు విన్నాక కారు లేనందుకు హాయిగా నిద్రపోతారు.

వయసు యాభై మూడు. జుట్టు సగం తెల్లబడింది, మిగతా సగం గ్యారేజీ దుమ్ములో అసలు ఏ రంగో తెలియదు. భుజాన ఎప్పుడూ ఒక గుడ్డ సంచి. అందులో కొలత టేపు, టార్చి, చేతి అద్దం, మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత తువ్వాలు. ఉద్యోగం సర్వేయరు. పొలాలు కొలిచే సర్వేయరు కాదు, దెబ్బతిన్న కార్లను చూసే సర్వేయరు. ఎవరి కారు దేనికి గుద్దుకున్నా ఇన్సూరెన్సు కంపెనీ డబ్బులివ్వాలా వద్దా అని తేల్చుకునే ముందు ఈవిడని పంపిస్తుంది. ఈవిడ చూసి రిపోర్టు రాస్తుంది. కంపెనీ ఆ రిపోర్టు పట్టుకుని "ఇస్తాం" అనో "ఇవ్వం" అనో అంటుంది. "ఇవ్వం" అన్నప్పుడు తిట్లన్నీ ఈవిడకే.

నేను వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకుంటాను. ఈ కథలో చాలావరకు ఆవిడ చెప్పిందే. మిగతాది వాళ్ళ అత్తగారు మెట్ల మీద కూర్చుని చెప్పింది. అందులో ఎక్కడైనా ఉప్పూకారం ఎక్కువైతే ఆ పాపం అత్తగారిదే.

సీటక్క అనే పేరు మెకానిక్కులు పెట్టారు. మామూలు సర్వేయర్లు గ్యారేజీకి వస్తే తిన్నగా సొట్ట పడిన చోటికి వెళ్తారు. ఈవిడ అటు కన్నెత్తి కూడా చూడదు. ముందు డ్రైవర్ తలుపు తీసి, సీటును అంగుళం కూడా జరపకుండా మెల్లగా అందులో కూర్చుంటుంది. కాళ్ళు పెడళ్ళకి అందుతున్నాయా, అద్దంలో ఏం కనిపిస్తోంది అని చూసుకుంటుంది. ఒక్కోసారి ఐదు నిమిషాలు అలాగే ఉంటుంది. "నిద్రపోయిందేమో చూడరా" అని మెకానిక్కులు సైగలు చేసుకుంటారు.

"ఎలా గుద్దుకుందో సొట్ట చెప్తుంది. ఎవరు గుద్దారో సీటు చెప్తుంది" అంటుంది ఆవిడ.

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆవిడ చూసిన మనుషుల గురించి వింటే నవ్వలేక కడుపు చెక్కలవుతుంది. ఒకాయన సర్వేయరమ్మ వస్తోంది కదా, చూడ్డానికి బాగుండాలని ఆవిడ వచ్చేలోపే సొట్ట తీయించి, రంగేయించి, పాలిష్ కూడా కొట్టించాడట. "ఏదండీ దెబ్బ?" అంటే "ఇక్కడే ఉండేదండీ" అని మెరిసిపోతున్న తలుపు చూపించాడు. ఇంకొకాయన కారు వాన నీళ్ళలో మునిగితే, నీళ్ళు పోకముందే మూడుసార్లు తాళం తిప్పి స్టార్టు చేయబోయాడు. "మునిగినందుకు డబ్బులొస్తాయి బాబూ. మునిగినదాన్ని నువ్వు మూడుసార్లు తిప్పి చంపావు చూడు, దానికి రావు" అని చెప్పింది. మరొకడు సొంత కారని పాలసీ తీసుకుని చాటుగా కిరాయికి తిప్పుతున్నాడు. వెనక కూర్చున్న ముగ్గురూ మా చుట్టాలే అన్నాడు. ముగ్గురినీ విడివిడిగా అడిగితే ఆయన పేరు ఒక్క చుట్టానికీ తెలియదు.

సాయంత్రం ఇంటికి రాగానే అత్తగారు అడిగే మొదటి ప్రశ్న: "ఇవాళ ఎవరి కొంప ముంచావే?"

"నేను ముంచడమేంటత్తయ్యా? వాళ్ళే మునిగి నన్ను పిలుస్తారు."

అలాగని కొంపలు ముంచే మనిషి కాదు. ఆవిడకో పద్ధతి ఉంది. చెప్పిన మాటకీ చూసిన కారుకీ పొంతన కుదరకపోతే, ఎవరినైనా సరే రిపోర్టు రాసేముందు ఒక్కసారి అడుగుతుంది: "ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి." ఒకే ఒక్కసారి. అప్పుడు నిజం చెప్తే అదే రాసుకుంటుంది. "చెప్పింది చెప్పినట్టే" అని బిగుసుకుంటే చూసింది చూసినట్టే రాసేస్తుంది.

ఇక మాస్టారి సంగతి.

ఆయనది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్ద భవనం అనుకునేరు. ఒక బోర్డు, ఒక బల్ల, ఒక కారు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం ఆయనే నేర్పాడు. సర్వేయరుగా చేరిన కొత్తలో సీటక్కకి కారు నడపడం రాదు, గ్యారేజీల్లో నవ్వేవాళ్ళు. అప్పుడు ఆవిడకి నేర్పింది కూడా ఈయనే. ఆయన మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: "తాళం తర్వాత. ముందు సీటు సర్దుకో. సీటు సరిగ్గా లేనివాడి చేతిలో బండి బండిలా ఉండదు." ఆ పాఠం ఆవిడకి ఎంత ఒంటబట్టిందో చెప్పాను కదా.

అలాంటి మాస్టారి కారు ఒక ఉదయం వాళ్ళ అపార్టుమెంటు కింద పార్కింగులో స్తంభానికి గుద్దుకుంది. వెనక డిక్కీ అప్పడంలా నలిగిపోయింది. అద్దం తునాతునకలు, వెనక చక్రం పక్కకి ఒరిగింది. ఉన్నది ఆ ఒక్క కారే. ఆ నెలలో తొమ్మిదిమంది శిష్యులకి లైసెన్సు టెస్టులున్నాయి. రెండు వీధుల అవతల మూడు కొత్త కార్లతో కొత్త స్కూలు ఒకటి తెరిచారు. కారు త్వరగా బాగుపడకపోతే శిష్యులు అటు, మాస్టారు ఇంటికి. అంత ఖర్చు చేతిలోంచి పెట్టుకునే స్థితి కాదు. ఇన్సూరెన్సు వస్తేనే స్కూలు.

కంపెనీకి ఫోన్ చేశాడు. క్లెయిము కాగితం నింపి గ్యారేజీలో మెకానిక్ చేతికిచ్చి వెళ్ళాడు. కంపెనీ సీటక్కని పంపింది. ఇంకెవరినైనా పంపొచ్చు కదా అంటారేమో. మాస్టారి దగ్గర నేర్చుకోని సర్వేయరు కావాలంటే పక్క ఊరి నుంచి తెప్పించుకోవాలి.

ఆవిడ గ్యారేజీకి వెళ్ళి కాగితం చదివింది. కారు నడిపింది ఎవరు అన్నచోట మాస్టారి భార్య పేరుంది. కింద ఆవిడ సంతకం కూడా ఉంది. సరే అని తలుపు తీసి కూర్చుంది. కూర్చుని, కాళ్ళు చాపింది. ఇంకా చాపింది. పెడళ్ళు అందలేదు.

"ఈ సీటు నువ్వేమన్నా జరిపావా?" అని మెకానిక్‌ని అడిగింది.

"నా పిల్లల మీద ఒట్టక్కా! క్రేన్ మీద వచ్చింది. దించింది దించినట్టే ఉంది. నీ సంగతి తెలిసి ఆ తలుపు జోలికి కూడా పోలేదు. ఏమైందక్కా?"

"ఏం కాలేదు. మాస్టారి భార్య నా భుజం దాకా వస్తుంది. ఈ సీట్లో ఆవిడ కూర్చుంటే బ్రేకు తొక్కడానికి ఇంకొకరు కావాలి."

మెకానిక్ పైకి నవ్వి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. వాడూ మాస్టారి శిష్యుడే.

సాయంత్రం సీటక్క మాస్టారి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసింది ఆయన భార్య. రిటైరైన నర్సు. నలభై ఏళ్ళు రోగుల చేత మందులు మింగించిన గొంతు, పలకరించినా ఆజ్ఞలాగే ఉంటుంది.

"రా అమ్మాయ్, కూర్చో. చెప్పులు అక్కడ కాదు, ఇక్కడ. మజ్జిగ తాగుతావా? తాగు."

లోపలి గదిలో మాస్టారు దగ్గాడు. బయటికి మాత్రం రాలేదు.

"వదినా, ఆ రోజు ఎలా జరిగిందో ఒక్కసారి చెప్తారా?"

"ఏది?"

"అదే, మీరు కారు వెనక్కి తీస్తుంటే స్తంభానికి తగలడం."

గ్లాసు బల్ల మీద టక్కున ఆగింది.

"నేనా? నేను తగిలించానా? ఎవరన్నారు?"

సీటక్క కాగితం చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదివి, మడిచి, లోపలి గది వైపు తిరిగింది.

"ఏమండీ. ఒకసారి ఇలా రండి."

మాస్టారు వచ్చాడు. ఆరడుగుల మనిషి, గుమ్మంలో సగానికి కుంగిపోయి నిలబడ్డాడు.

"ఇరవై రెండేళ్ళు ఆస్పత్రికి నేనే కారు నడుపుకుంటూ వెళ్ళొచ్చాను. ఒక్క గీత పడిందా? మీరు పక్కన కూర్చుని క్లచ్చు క్లచ్చు అని నా ప్రాణం తోడేయడం తప్ప ఒక్క గీత పడిందా?"

"నువ్వు సంతకం పెట్టావుగా..." అని నీళ్ళు నమిలాడు.

"కారు కాగితం, ఇక్కడ పెట్టు అన్నారు. ముప్ఫై ఐదేళ్ళుగా మీరు పెట్టమన్న చోటల్లా పెడుతున్నాను. ఈసారి నా పరువే పెట్టేశారన్నమాట!"

సీటక్క నవ్వాపుకుని, పని మీదకొచ్చింది. "పోనీ వదినా, మీ లైసెన్సు ఒకసారి ఇవ్వండి."

"అదెప్పుడో అయిపోయింది."

"అయిపోవడమేంటే?" అని మాస్టారు అదిరిపడ్డాడు.

"తేదీ దాటిపోవడమండీ. పోయినేడాదే. రిటైరయ్యాక నాకెందుకని ఊరుకున్నా. ఊళ్ళో అందరి లైసెన్సుల తేదీలూ డైరీలో రాసుకుంటారు కదా, ఇంట్లోదాని తేదీ ఏ పేజీలో ఉంది?"

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన రాసిందే నిజమనుకుంటే లైసెన్సు లేని మనిషి కారు నడిపినట్టు, డబ్బులు రావు. రాసింది అబద్ధమని తేలితే అబద్ధపు క్లెయిము, అప్పుడూ రావు.

"ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి మాస్టారూ" అంది సీటక్క.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. స్కూలు కారులో మాస్టారు కూర్చునే పక్క సీటు ముందు కూడా పెడళ్ళుంటాయి. కానీ రెండే. ఎడమకాలికి క్లచ్చు, కుడికాలికి బ్రేకు. యాక్సిలరేటర్ ఉండదు, అది నడిపేవాళ్ళ పని. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కుడికాలు బ్రేకు మీదే ఉంది. ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒక శిష్యుడు నడుపుతాడు, ఈయన పక్కన కూర్చుంటాడు. ఆ రోజు శిష్యుడికి జ్వరమొచ్చి రాలేదు. చాన్నాళ్ళకి మాస్టారు డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. మొదటి పాఠం మరచిపోకుండా సీటు తన కాళ్ళకి తగ్గట్టు వెనక్కి జరుపుకున్నాడు కూడా. కారు వెనక్కి తీస్తుంటే స్తంభం దగ్గరికొచ్చింది. కంగారులో కుడివైపు చివరి పెడల్ గట్టిగా తొక్కాడు. పక్క సీట్లో అయితే అది బ్రేకు.

"ఆగాల్సింది పోయి ఎగిరింది" అన్నాడు నేల చూస్తూ.

ఆయన భార్య ఆయన మొహం చూసింది. మజ్జిగ గ్లాసు ఆయన ముందుకి జరిపింది.

"ఇంతే కదా మాస్టారూ! ఇది రాసుంటే నేను కారు చూసుకుని వెళ్ళిపోయేదాన్ని. మీకు లైసెన్సుంది, పాలసీ ఉంది. కాలు జారినందుకు ఎవరూ డబ్బులు ఆపరు. మనిషన్నాక పొరపాటు చేస్తాడనే కదా ఇన్సూరెన్సు కట్టించుకునేది!"

"నీకేం, నువ్వు అలాగే అంటావు. ఆ ఆఫీసులో క్లెయిములు చూసే ఆఫీసరు ఎవరో తెలుసా? నా శిష్యుడు. మూడుసార్లు టెస్టు తప్పాడు. మూడోసారి నేను నడిరోడ్డు మీద వాణ్ణి ఏమని తిట్టానో తెలుసా?"

"ఏమని?"

"'బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ తేడా తెలియనివాడివి నీకు కారెందుకురా' అన్నాను."

 నర్సుగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. సీటక్క గోడ మీది క్యాలెండరు వైపు చాలా శ్రద్ధగా చూసింది. ఆఖరికి మాస్టారికే నవ్వొచ్చింది, ఏడుపు కలిసిన నవ్వు.

కొత్త కాగితం తెప్పించుకున్నాడు. సొంత చేత్తో ఉన్నది ఉన్నట్టు రాశాడు. "బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కితిని" అనే వాక్యం దగ్గర కలం మూడుసార్లు ఆగిందట. సంతకం పెట్టి కాగితం చేతికిచ్చాడు.

"అమ్మయ్య. ఇక ఆ పాతది చింపెయ్యమ్మా."

సీటక్క చింపలేదు.

"చింపమ్మా. ఆఫీసుకి వెళ్ళలేదుగా ఇంకా. నువ్వూ, ఆ మెకానిక్కూ తప్ప ఎవరు చూశారు? వాడు నోరెత్తడు."

"రెండూ పెడతాను మాస్టారూ. మొదట ఇలా రాశారు, అడగ్గానే అదే రోజు దిద్దుకున్నారు అని కూడా రాస్తాను."

"అదేంటి? నిజం రాశాక అబద్ధంతో పనేముంది?"

ఆవిడ రెండు కాగితాలూ సంచిలో పెట్టుకుని లేచింది. మాస్టారు గుమ్మం దాకా రాలేదు. ఎప్పుడూ వచ్చేవాడు.

ఆ రాత్రి సీటక్క ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. కింద నుంచి అత్తగారి గొంతు నా గది దాకా వినిపించింది.

"చింపితే నీ సొమ్మేం పోయిందే? గురువు కదా! రెండో కాగితంలో ఉన్నది నిజమే కదా! నిజాన్ని పంపి అబద్ధాన్ని పొయ్యిలో పెట్టడం కూడా తప్పేనా? ఊళ్ళో సత్యమంతా నీ ఒక్కదాని నెత్తిమీదే ఉన్నట్టు..."

"పోయిన నెల హార్డ్‌వేరు షాపాయన ఇదే పని చేశాడత్తయ్యా. తమ్ముడు గుద్దితే తను గుద్దానని రాశాడు. ఆయన్నీ ఇలాగే అడిగాను. రెండో రోజు వచ్చి నిజం చెప్పాడు. అప్పుడూ రెండు కాగితాలూ పెట్టాను. ఆయనా చింపమని బతిమాలాడు."

"అయితే?"

"ఆయన నాకు కారు నేర్పలేదు. అంతే తేడా."

 "అన్నం చల్లారిపోతోంది, రా" అంది అత్తగారు. ఓడిపోయిందని కాదు. ఆవిడ వాదనలు రోజుల తరబడి సాగుతాయి, మధ్యలో భోజన విరామాలుంటాయి.

రిపోర్టు వెళ్ళింది. రెండు రోజుల తర్వాత ఆ ఆఫీసరు ఫోన్ చేశాడు. ముందు ఐదు నిమిషాలు నవ్వాడట, మాట్లాడలేకపోయాడట. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఆ పాత కాగితం ఎందుకు పెట్టావు? అది లేకపోతే ఈపాటికి పూర్తిగా పాస్ చేసి పడేసేవాణ్ణి. ఇప్పుడిది పైవాళ్ళకి చూపించాలి. మాస్టారు నన్ను ఎన్ని తిట్టినా ఆయన వల్లే కదా బండెక్కాను."

"నేనూ అంతే బాబూ. చూపించు."

పైవాళ్ళు మూడు వారాలు తీసుకున్నారు. డబ్బులిచ్చారు. కానీ మొదట తప్పుగా చెప్పినందుకు పావు వంతు కోసేశారు. ఆ పావు వంతు మాస్టారు చేతిలోంచి పెట్టుకున్నాడు. అంతకంటే పెద్ద దెబ్బ ఆ మూడు వారాలది. కారు గ్యారేజీలోనే ఉండిపోయింది. టెస్టులున్న తొమ్మిదిమందిలో నలుగురు కొత్త స్కూలుకి వెళ్ళిపోయారు. ఐదుగురు ఆగారు. స్కూలు మూతపడలేదు, కానీ పొద్దుటి బ్యాచ్ లేదు ఇప్పుడు.

మొన్న ఆదివారం ఆయన మా గేటు దగ్గరికి వచ్చాడు. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. కారులో కాదు, నడిచే వచ్చాడు. సీటక్క బయటికి వచ్చి "లోపలికి రండి మాస్టారూ" అంది. ఆయన రాలేదు.

"కోపం లేదమ్మా. ఉంటే వచ్చేవాణ్ణి కాదు. ఒక్కటే అడుగుదామని వచ్చాను. నేను రాసింది నిజమేనని నీకు తెలుసు. ఒక్క కాగితం. ఎవరికీ నష్టం లేదు. నలుగురు పిల్లలు నా దగ్గరే ఉండేవారు. ఎందుకమ్మా?"

"హార్డ్‌వేరు షాపాయన కూడా ఇదే అడిగాడు మాస్టారూ. ఆయనకేం చెప్పాలో అప్పుడూ తెలియలేదు. ఎదురుగా మీరు నిలబడ్డారని ఇప్పుడు మాత్రం ఎలా తెలుస్తుంది?"

ఆయన తల ఊపి, వెళ్ళిపోయాడు. ఆ ఊపడం "సరేలే" అనో, "నీకు చెప్పి లాభం లేదు" అనో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. అత్తగారు మాత్రం చింపాల్సిందే అంటుంది. మెకానిక్ కూడా చింపాల్సిందే అంటాడు. నర్సుగారిని అడిగితే "మంచి పని చేసింది, నా పేరు రాస్తారా మళ్ళీ" అంటుంది. నేనైతే పొద్దున ఒక రకంగా, సాయంత్రానికి ఇంకో రకంగా అనుకుంటున్నాను.

మీరు చెప్పండి. ఆ పాత కాగితం మీ చేతిలో ఉంది. చూసినవాళ్ళు నోరెత్తరు. మీకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మనిషి ఎదురుగా కూర్చుని, ఒక్కసారి చింపెయ్యమ్మా అంటున్నాడు. మీరైతే ఏం చేసేవారు?